డాక్ బూన్, అంకుల్ బిల్లీ, జెరాల్డ్ ఓహారా: థామస్ మిచెల్ గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

ఎవరీ థామస్ మిచెల్?

పాత హాలీవుడ్‌లో హీరో పక్కన నిలబడి సినిమాని మోసిన క్యారెక్టర్ ఆర్టిస్టుల్లో ముందు వరసలో ఉండే మనిషి. 1892 జులై 11న న్యూజెర్సీలోని ఎలిజబెత్ అనే ఊళ్ళో పుట్టాడు. తల్లిదండ్రులు ఐర్లండ్ నుంచి వలస వచ్చినవాళ్ళు. గుండ్రటి ముఖం, ఎప్పుడూ కాస్త చెదిరినట్టుండే జుట్టు, నవ్వుతున్నప్పుడు కూడా దేనికోసమో వెతుకుతున్నట్టుండే కళ్ళు. సుమారు అరవై సినిమాల్లో చేశాడు. ఒక్కదాంట్లో కూడా మనం ఇవాళ హీరో అనుకునే తరహా పాత్ర కాదు.

ఆ పేరు ఎప్పుడూ విన్నట్టు లేదే. ఏ సినిమాలో చూసి ఉంటాను?

‘గాన్ విత్ ద విండ్’ చూసి ఉంటే చూసినట్టే. అందులో కథానాయిక స్కార్లెట్ తండ్రి జెరాల్డ్ ఓహారా ఆయనే. క్రిస్మస్‌కి అమెరికాలో ఉన్న చుట్టాలింట్లో ‘ఇట్స్ ఎ వండర్‌ఫుల్ లైఫ్’ చూసి ఉంటే, వేళ్ళకి దారాలు కట్టుకుని తిరుగుతూ ఎనిమిది వేల డాలర్లు పోగొట్టే బాబాయి, అంకుల్ బిల్లీ, ఆయనే. ‘హై నూన్’లో చర్చిలో నిలబడి మాట్లాడే మేయరూ ఆయనే. నేను ఈ మూడూ వేరువేరు సంవత్సరాల్లో చూశాను. ముగ్గురూ ఒకే మనిషని తెలియడానికి చాలాకాలం పట్టింది. తెలిసిన రోజున మళ్ళీ మూడూ వరసపెట్టి చూశాను.

సినిమాల్లోకి రాకముందు ఏం చేసేవాడు?

మొదట పేపర్లో విలేకరి. ఇంట్లో అంతకుముందే పత్రికా వాసన ఉంది: తండ్రి, అన్న ఇద్దరూ ఆ పనిలో ఉన్నవాళ్ళే. వార్తలు రాస్తూ, తీరిక దొరికినప్పుడు చిన్న చిన్న హాస్య నాటికలు రాసుకుంటూ ఉండేవాడు. ఆ రాత పిచ్చే స్టేజీ మీదికి లాక్కొచ్చింది. చార్లెస్ కోబర్న్ నడిపిన షేక్‌స్పియర్ నాటక సమాజంతో ఊరూరా తిరిగాడు. కోబర్న్ కూడా తరవాత హాలీవుడ్‌లో పెద్ద క్యారెక్టర్ ఆర్టిస్టే అయ్యాడు. 1916 నాటికి మిచెల్ న్యూయార్క్ నాటకాలకి కేంద్రమైన బ్రాడ్‌వే చేరాడు.

మూకీల రోజుల్లో, 1923లో ‘సిక్స్ సిలిండర్ లవ్’ అనే సినిమాలో ఒకసారి కనిపించాడు. ఆ తరవాత నాటకాలే. సినిమాల్లో అసలైన పని 1936లో మొదలైంది. అప్పటికి ఆయనకి 44 ఏళ్ళు. అంటే కెమెరా ముందుకొచ్చేసరికి ఇరవై ఏళ్ళకు పైబడిన స్టేజీ అనుభవం ఉంది. గొంతు ఎక్కడ పెంచాలో, ఎక్కడ మింగాలో తెలుసు. ఆ తెలిసినతనం ఆయన చేసిన ఏ చిన్న పాత్రలోనైనా పట్టుకోవచ్చు.

నాటకాలు కూడా రాశాడంటారు, నిజమేనా?

నిజమే. ఫ్లాయిడ్ డెల్‌తో కలిసి 1928లో ‘లిటిల్ యాక్సిడెంట్’ అనే హాస్య నాటకం రాశాడు, అందులో తానే నటించాడు కూడా. డెల్ రాసిన నవలే దానికి ఆధారం. ఆ నాటకం మీద హాలీవుడ్ మూడుసార్లు సినిమా తీసింది. 1930లో ఒకటి, 1939లో ఒకటి, 1944లో ‘కాసనోవా బ్రౌన్’ పేరుతో మరొకటి. ఆ మూడోదాంట్లో హీరో గ్యారీ కూపర్. ఎనిమిదేళ్ళ తరవాత ‘హై నూన్’లో అదే గ్యారీ కూపర్‌ని ఊరు వదిలిపొమ్మని చెప్పే పాత్ర మిచెల్‌కి వచ్చింది.

1939 గురించి ఎందుకంత గొప్పగా చెబుతారు?

ఎందుకంటే ఆ ఒక్క సంవత్సరంలో ఆయనవి ఐదు సినిమాలు వచ్చాయి. ఐదూ ఇప్పటికీ చూస్తున్నవే.

జాన్ ఫోర్డ్ ‘స్టేజ్‌కోచ్’లో తాగుబోతు డాక్టరు. హోవార్డ్ హాక్స్ ‘ఓన్లీ ఏంజెల్స్ హావ్ వింగ్స్’లో చూపు మందగిస్తున్న పైలట్. ఫ్రాంక్ కాప్రా ‘మిస్టర్ స్మిత్ గోస్ టు వాషింగ్టన్’లో డిజ్ మూర్ అనే విలేకరి. విక్టర్ ఫ్లెమింగ్ పేరు మీద వచ్చిన ‘గాన్ విత్ ద విండ్’లో ఐరిష్ జమీందారు. విలియం డీటర్లే తీసిన ‘ద హంచ్‌బ్యాక్ ఆఫ్ నోటర్‌డామ్’లో పారిస్ బిచ్చగాళ్ళకి రాజు. ఐదుగురు దర్శకులు, ఐదు రకాల మనుషులు. వీటిలో మూడు ఆ ఏడాది ఉత్తమ చిత్రం ఆస్కార్ నామినేషన్ల జాబితాలో ఉన్నాయి. పైగా తన పాత నాటకం మీద తీసిన సినిమా కూడా ఆ ఏడాదే వచ్చింది.

ఇంకో నటుడి కెరీర్‌లో ఇలాంటి సంవత్సరం నాకు కనిపించలేదు. హీరోల్లో కూడా లేదు.

ఒక్క ఏడాదిలో ఐదు సినిమాలు ఎలా సాధ్యం?

క్యారెక్టర్ ఆర్టిస్టు పని తీరే అంత. హీరో కాల్షీట్లు మొత్తం షూటింగ్‌కి కావాలి. పక్క పాత్రధారికి కొన్ని వారాలు చాలు, తన సీన్లు ముగించుకుని ఇంకో సెట్‌కి వెళ్ళిపోవచ్చు. ఆ రోజుల్లో స్టూడియోలు ఏడాది పొడవునా సినిమాలు తీస్తూనే ఉండేవి, నమ్మకంగా పని చేసే మనిషికి పిలుపులకి కొదవ లేదు. మిచెల్‌ని ఎందుకు అంతగా పిలిచేవాళ్ళంటే, డైలాగు నేర్చుకుని సిద్ధంగా వచ్చే నాటకాల మనిషి. అంతకుమించి, కథలో ఎక్కడైనా మెత్తబడాల్సిన చోట ఈయన్ని నిలబెడితే చాలు, ప్రేక్షకుడు మెత్తబడతాడు.

ఆస్కార్ ఏ పాత్రకి వచ్చింది? అందులో అంత ఏముంది?

‘స్టేజ్‌కోచ్’లో డాక్ బూన్ పాత్రకి, ఉత్తమ సహాయ నటుడిగా. అంతకుముందు 1937లో వచ్చిన ‘ద హరికేన్’కి ఒకసారి నామినేట్ అయ్యాడు. అదీ డాక్టరు పాత్రే, అదీ ఫోర్డ్ సినిమానే.

కథ తెలియనివాళ్ళకి రెండు ముక్కలు. టోంటో అనే ఊళ్ళోని మర్యాదస్తులైన ఆడవాళ్ళు ఇద్దరిని ఊరినుంచి వెళ్ళగొడతారు: డల్లాస్ అనే వేశ్యని, అప్పుల్లో మునిగిన డాక్ బూన్‌ని. ఇద్దరూ లార్డ్స్‌బర్గ్ వెళ్ళే గుర్రపు బండి ఎక్కుతారు. బండిలో విస్కీ అమ్ముకునే ఒక బక్కపల్చటి ఏజెంటు ఉంటాడు, చేతిలో శాంపిల్ సీసాల పెట్టె. ఆయన్ని చూడగానే డాక్‌కి ప్రాణం లేచొస్తుంది. ఆయన పాస్టరు కాడని ఎంత చెప్పుకున్నా డాక్ వినడు, ‘రెవరెండ్’ అంటూనే ఒక్కో సీసా ఖాళీ చేస్తాడు. ఇక్కడిదాకా నవ్వు.

తరవాత దారిలో ఆగినచోట, బండిలో ఉన్న సైనికాధికారి భార్యకి నొప్పులు మొదలవుతాయి. చుట్టుపక్కల డాక్టరనేవాడు ఈ ఒక్కడే. ఇతనేమో నిలబడలేని స్థితిలో ఉన్నాడు. అప్పుడు కాఫీ అడుగుతాడు. ఇంకా అడుగుతాడు. ఇంకా చిక్కగా, ఇంకా నల్లగా కావాలంటాడు. ఆ సీనులో మిచెల్ చేసే పని నెమ్మదిగా చూడండి. కాఫీ తాగి ఠక్కున మామూలు మనిషైపోయే సినిమా ట్రిక్కు కాదు. మత్తు ఒంట్లోనే ఉంటుంది. దాని పైన, దాన్ని తొక్కిపెట్టి, ఒకప్పటి డాక్టరు లేచి నిలబడతాడు. గదిలోకి వెళ్ళే ముందు ఆ ముఖంలో ఉండేది ధైర్యం కాదు. ‘నా చేతులు నా మాట వింటాయా’ అన్న భయం. బిడ్డ పుట్టాక బయటికొచ్చినప్పుడు అందరూ జేజేలు కొడుతుంటే, ఆయన మాత్రం బరువు దించిన కూలీలా అలసిపోయి ఉంటాడు.

లార్డ్స్‌బర్గ్‌లో ఇంకో సీను. హీరోని చంపడానికి లూక్ ప్లమ్మర్ షాట్‌గన్ పట్టుకుని బార్ నుంచి బయలుదేరుతుంటే, డాక్ అడ్డం నిలబడి ఆ తుపాకీ ఇక్కడ పెట్టి వెళ్ళమంటాడు. చేతిలో ఆయుధం లేదు. లూక్ వెళ్ళిపోయాక డాక్ బార్ వైపు తిరిగి, ఇంకెప్పుడూ నన్నిలాంటి పని చెయ్యనివ్వకండి అని సీసా అందుకుంటాడు. వీరుడు కావడం తనకి అలవాటు లేని పని అని ఆ ఒక్క మాటతో ఒప్పుకుంటాడు.

సినిమా జాన్ వెయిన్‌ని స్టార్‌ని చేసింది. కానీ ఆ బండిలో ఉన్నవాళ్ళ మంచితనాన్ని మనం నమ్మేది డాక్ బూన్ వల్లే.

ఆస్కార్ బొమ్మ ఇవ్వలేదట కదా?

అవును. ఆ రోజుల్లో సహాయ నటులకి పూర్తి ఆస్కార్ బొమ్మ ఇచ్చేవాళ్ళు కాదు, చిన్న బొమ్మ అతికించిన ఫలకం ఇచ్చేవాళ్ళు. 1943 నాటి వేడుక దాకా అదే పద్ధతి. 1940 ఫిబ్రవరి 29న లాస్ ఏంజెలెస్‌లోని అంబాసిడర్ హోటల్లో మిచెల్ అందుకున్నది ఆ ఫలకమే. పోటీలో ఉన్న మిగతా నలుగురిలో ఇద్దరు, క్లాడ్ రెయిన్స్, హ్యారీ కేరీ, ‘మిస్టర్ స్మిత్’లో ఆయన తోటి నటులు.

జాన్ ఫోర్డ్‌తో గొడవ పడ్డాడని విన్నాను.

ఫోర్డ్ సెట్‌లో నోటికొచ్చినట్టు తిట్టే మనిషి. జాన్ వెయిన్ లాంటి ఆజానుబాహువుల్నే ఏడిపించేవాడు. ‘స్టేజ్‌కోచ్’ షూటింగ్‌లో మిచెల్ మీద పడితే, ఆయన నిదానంగా, నేను ‘మేరీ ఆఫ్ స్కాట్లండ్’ చూశానని గుర్తుపెట్టుకోండి అన్నాడని చెప్పుకుంటారు. అది 1936లో ఫోర్డ్ తీసిన సినిమా, ఆడలేదు. ఆ మాటతో ఫోర్డ్ ఆ పూటకి సెట్ వదిలి వెళ్ళిపోయాడని కూడా అంటారు. మరుసటి సంవత్సరమే ‘ద లాంగ్ వాయేజ్ హోమ్’లో డ్రిస్కల్ అనే నావికుడి పాత్రకి మళ్ళీ ఈయన్నే పిలిచాడు. కాబట్టి మనసులో ఏమీ పెట్టుకోలేదన్నమాట.

ఎప్పుడూ తాగుబోతు పాత్రలేనా?

అలా అనిపించడం సహజం. డాక్ బూన్ తాగుతాడు, డిజ్ మూర్ తాగుతాడు, అంకుల్ బిల్లీ తాగుతాడు. కానీ వరసలో పెట్టి చూడండి. ‘లాస్ట్ హొరైజన్’లో మదుపరుల డబ్బు ముంచి పారిపోయిన వ్యాపారి, హిమాలయాల లోయలో చిక్కుకుని చివరికి ఆ ఊరికి నీళ్ళ పైపులు వేయించే పనిలో పడతాడు. ‘అవర్ టౌన్’లో నెమ్మదస్తుడైన ఊరి డాక్టరు. ‘ద ఫైటింగ్ సలివన్స్’లో ఐదుగురు కొడుకుల్ని యుద్ధంలో ఒకేసారి పోగొట్టుకున్న తండ్రి. ఇది నిజంగా జరిగిన కథ. ‘విల్సన్’లో అమెరికా అధ్యక్షుడి కార్యదర్శి.

వీళ్ళందరిలో నాకు కనిపించే పోలిక సీసా కాదు. వీళ్ళకి తమ లోపం ఏమిటో తెలుసు. అదే ఆయన పట్టు. మందు కొట్టినవాడు తూలుతూ నడవడం ఎవరైనా చేస్తారు. తూలుతున్నానని తెలిసి, నలుగురిలో తిన్నగా నడవాలని తాపత్రయపడేవాణ్ణి చేసి చూపించడం కష్టం. మిచెల్ పాత్రలు ఏ తప్పు చేసినా, మనకంటే ముందే తమని తాము చూసుకుని సిగ్గుపడినట్టు ఉంటాయి. అందుకే వాళ్ళని అసహ్యించుకోలేం.

‘గాన్ విత్ ద విండ్’లో ఆయన పాత్ర ఎంతసేపు ఉంటుంది?

నాలుగు గంటల సినిమాలో కొద్ది సీన్లే. కానీ సినిమాకి పునాదిరాయి ఆయన చేతిలోంచే పడుతుంది. సాయంత్రం వెలుగులో చెట్టు కింద కూతురి పక్కన నిలబడి, ఈ భూమి ఒక్కటే నిలిచేది, పాటుపడినా పోరాడినా దీనికోసమే అని చెప్పేది జెరాల్డ్ ఓహారానే. తరవాత మూడున్నర గంటలపాటు స్కార్లెట్ చేసే ప్రతి పనికీ వెనక ఆ మాట ఉంది.

అమెరికా అంతర్యుద్ధం ఇంకా సాగుతుండగానే ఆమె ఇంటికి తిరిగొచ్చేసరికి తల్లి పోయింది, తండ్రికి మతి చలించింది. డబ్బేదని అడిగితే, ఏ విలువా లేని కాన్ఫెడరేట్ (దక్షిణాది ప్రభుత్వపు) బాండ్లు చూపించి సంబరపడతాడు. మొదట్లో గుర్రం మీద కంచెలు దూకిన మనిషి అక్కడ పసిపిల్లాడిలా కూర్చుని ఉంటాడు. మిచెల్ ఆ మార్పుని ఏడుపుతో చెయ్యలేదు, సంబరంతో చేశాడు. అందుకే గుండె కలుక్కుమంటుంది. (స్కార్లెట్‌గా చేసిన వివియన్ లీ మన డార్జిలింగ్‌లో పుట్టిన పిల్ల అని తెలియనివాళ్ళు ఇంకా ఉన్నారు.)

ఆ సినిమాలు ఇప్పుడు చూస్తే ఇబ్బందిగా ఉండదా?

ఉంటుంది. ఉండాలి కూడా. జెరాల్డ్ అంత ప్రేమగా చెప్పే ఆ భూమిని దున్నింది బానిసలు. సినిమా ఆ సంగతిని పూలు కప్పి దాటేస్తుంది. ‘స్టేజ్‌కోచ్’లో అపాచీ తెగవాళ్ళకి పేరూ లేదు, గొంతూ లేదు, బండి వెంట పడి కూలిపోవడం తప్ప. మిచెల్ ఆస్కార్ అందుకున్న రాత్రే ‘గాన్ విత్ ద విండ్’కి హ్యాటీ మెక్‌డానియల్ కూడా అందుకుంది. ఆస్కార్ గెలిచిన మొట్టమొదటి నల్లజాతి మనిషి ఆమె. అదే హాలులో ఆమెని తన సినిమా బృందంతో కాకుండా గోడ పక్కన వేరే బల్ల దగ్గర కూర్చోబెట్టారు. ఒక క్యారెక్టర్ ఆర్టిస్టుకి రకరకాల మనుషులుగా మారే అవకాశం వచ్చింది, అంతే ప్రతిభ ఉన్న ఇంకొకరికి జీవితాంతం పనిమనిషి పాత్రలే దక్కాయి. మిచెల్ అంటే నాకెంత ఇష్టమున్నా ఈ తేడా మరిచిపోయి ఆయన గురించి మాట్లాడలేను.

అంకుల్ బిల్లీ మీద నాకు కోపం. డబ్బు పోగొట్టింది ఆయనే కదా?

ఈ ప్రశ్న చాలామంది అడుగుతారు. కొంచెం నిదానంగా చెబుతాను.

1946లో కాప్రా తీసిన ‘ఇట్స్ ఎ వండర్‌ఫుల్ లైఫ్’లో జార్జ్ బెయిలీ చిన్న ఊళ్ళో ఇళ్ళకి అప్పులిచ్చే సంస్థ నడుపుతుంటాడు. బాబాయి బిల్లీ దాంట్లోనే పని చేస్తాడు. మతిమరుపు. గుర్తుండటానికి వేళ్ళకి దారాలు కట్టుకుంటాడు, ఏ దారం దేనికో అదీ మరిచిపోతాడు. క్రిస్మస్ ముందురోజు బ్యాంకులో ఎనిమిది వేల డాలర్లు జమ చెయ్యడానికి వెళ్తాడు. అక్కడ ఊరి పీడ పాటర్ కనిపిస్తాడు. జార్జ్ తమ్ముడికి పెద్ద పతకం వచ్చిందన్న వార్త ఆ రోజు పేపర్లో మొదటి పేజీ. ఏళ్ళ తరబడి తమ కుటుంబాన్ని తొక్కిన మనిషి ముందు ఒక్కసారి తలెత్తే అవకాశం. ఆ ఉత్సాహంలో పేపరు పాటర్ ఒళ్ళో పడేస్తాడు, డబ్బు కవరు దాని మడతలో ఉండిపోతుంది.

ఇది చూడండి: డబ్బు పోయింది మతిమరుపు వల్ల మాత్రమే కాదు, అన్న కొడుకు మీద గర్వం వల్ల. ఇంటి పిల్లవాడు గొప్పవాడైతే బాబాయికి కాళ్ళు నేలమీద నిలుస్తాయా? దొరికిన డబ్బు దాచేసుకుంది పాటర్. అయినా ప్రేక్షకుడి కోపం బిల్లీ మీదికే పోతుందంటే, మిచెల్ ఆ పాత్రని అంత నిజంగా చేశాడన్నమాట. మనింట్లో కూడా ఇలాంటి బాబాయి ఒకాయన ఉంటాడు, ఆయన చేతికి డబ్బు కవరు ఇవ్వాలంటే మనకీ టెన్షనే.

తరవాతి సీను ఇంకా కష్టం. బిల్లీ ఇంట్లో జార్జ్ ఆయన కోటు పట్టుకుని ఊపేస్తాడు. ఆలోచించు, ఎక్కడ పెట్టావు అని అరుస్తాడు. ఇద్దరిలో ఒకరు జైలుకి వెళ్ళాలి, అది నేను మాత్రం కాను అని తిట్టి వెళ్ళిపోతాడు. జేమ్స్ స్టీవర్ట్ అంతటి నటుడు పూనకంలా ఊగిపోతుంటే, మిచెల్ ఎదురు నటించడు. దెబ్బలు తింటున్న పిల్లాడిలా కళ్ళు పెద్దవి చేసుకుని, బుర్రలో ఖాళీని తవ్వుకుంటూ, దొరకడం లేదని మాత్రం చెబుతాడు. జార్జ్ వెళ్ళాక బల్ల మీద తల వాల్చి ఏడుస్తాడు. పెంపుడు ఉడత ఒకటి చేతి మీదుగా పాక్కుంటూ ఆయన దగ్గరికి వస్తుంది. ఆ ఉడతని చూసి నవ్వేవాళ్ళు ఉన్నారు. నాకు మాత్రం ఆ మనిషికి ఆ క్షణంలో ఈ లోకంలో ఇంకెవరూ లేరని అక్కడే తెలిసింది.

జార్జ్ పుట్టకపోయి ఉంటే ఊరు ఎలా ఉండేదో చూపించే భాగంలో, వ్యాపారం పోయినప్పటి నుంచి బిల్లీ పిచ్చాసుపత్రిలో ఉన్నాడని ఒక్క వాక్యంలో చెప్పేస్తారు. ఇన్నేళ్ళూ ఆయన్ని పనిలో ఉంచి కాపాడింది అన్న కొడుకేనని అప్పుడు అర్థమవుతుంది. చివర్లో బుట్టెడు డబ్బుతో ఇంట్లోకి దూసుకొచ్చి, ఇదంతా మేరీ (జార్జ్ భార్య) చేసింది అని అరిచేదీ బిల్లీనే. తను పోగొట్టినదాన్ని తన చేతులతోనే మోసుకొచ్చి బల్లమీద పోస్తాడు.

ఆయన తాగి వెళ్తున్నప్పుడు వినిపించే చప్పుడు అనుకోకుండా జరిగిందా?

జార్జ్ తమ్ముడు హ్యారీ పెళ్ళి సంబరాల రాత్రి బిల్లీ తూలుకుంటూ ఫ్రేము దాటి వెళ్ళాక పెద్ద చప్పుడవుతుంది, ఆ వెంటనే నాకేం కాలేదని కేక. సెట్‌లో పనివాళ్ళెవరో సామాను కింద పడేస్తే మిచెల్ పాత్రలోంచి బయటికి రాకుండా ఆ మాట అన్నాడని, స్టీవర్ట్ నవ్వాపుకుంటూ కొనసాగించాడని, కాప్రా దాన్ని అలాగే ఉంచేశాడని ఎప్పటినుంచో చెప్పుకుంటున్న కథ. స్టీవర్ట్ ముఖం చూస్తే నమ్మబుద్ధేస్తుంది.

ఈ సినిమాలో ఆయన వదినగా చేసినావిడే ఇంకో సినిమాలో ఆయన తల్లి అట?

బ్యూలా బాండీ. ఆమె కూడా గొప్ప క్యారెక్టర్ ఆర్టిస్టు. 1937లో లియో మెకారీ తీసిన ‘మేక్ వే ఫర్ టుమారో’లో ఇల్లు పోగొట్టుకున్న ముసలి తల్లి ఆమె, ఆమెని ఎక్కడ ఉంచాలో తేల్చుకోలేని పెద్దకొడుకు మిచెల్. నిజానికి ఆమె ఆయనకంటే పెద్దది మూడు నాలుగేళ్ళే. ఆ సినిమాలో తల్లిని వృద్ధాశ్రమానికి పంపాలని కొడుకు చెప్పలేక నలుగుతుంటే, అది గ్రహించి ఆమే ముందుగా, నేనక్కడికి వెళ్తానని అనేస్తుంది. అప్పుడు మిచెల్ ముఖంలో ఊరట, దాని వెనకే ఆ ఊరట పడినందుకు సిగ్గు. రెండూ ఒకదాని వెంట ఒకటి కనిపిస్తాయి. పెద్దవాళ్ళని ఎవరి దగ్గర ఉంచాలా అని లెక్కలు వేసుకునే ప్రతి ఇంట్లోనూ చూడాల్సిన సినిమా.

‘హై నూన్’లో ఆయన విలనా?

కాదు, అదే భయపెడుతుంది. 1952 నాటి ఈ సినిమాలో రౌడీలు రైలు దిగే వేళకి మార్షల్, అంటే ఊరి పోలీసు అధికారి, విల్ కేన్ సాయం కోసం చర్చికి వస్తాడు. మేయర్ జోనస్ హెండర్సన్ లేచి, కేన్ అంత మంచి మార్షల్ ఈ ఊరికి మళ్ళీ రాడని, అతని రుణం మనం తీర్చుకోవాలని మొదలుపెడతాడు. వినేవాడికి సాయం దొరికినట్టే అనిపిస్తుంది. తరవాత అదే గొంతుతో, పెట్టుబడులు పెట్టేవాళ్ళు మన ఊరివైపు చూస్తున్నారు, వీధిలో కాల్పులు జరిగితే వాళ్ళు వెనక్కి పోతారు, కాబట్టి నువ్వే వెళ్ళిపో అంటాడు. గొంతులో ఎక్కడా మోసం లేదు. తను ఊరికి మంచి చేస్తున్నానని నమ్మే మాట్లాడతాడు. విలన్ పాత్రలు చేసే నటుణ్ణి పెట్టి ఉంటే ఆ సీను అక్కడే చచ్చేది. మనకి ఇష్టమైన బాబాయే వచ్చి వెన్ను చూపించడంతో దెబ్బ లోపలికి దిగింది.

ఆస్కార్, ఎమ్మీ, టోనీ మూడూ గెలిచిన మొదటి మగ నటుడు ఆయనేనా?

ఆయనే. 1953లో టీవీ నటనకి ఎమ్మీ, అదే ఏడాది ‘హేజెల్ ఫ్లాగ్’ అనే సంగీత నాటకానికి టోనీ వచ్చాయి. ఆస్కార్ అంతకుముందే ఉంది. మొత్తం మీద ఈ మూడూ గెలిచిన మొదటి వ్యక్తి హెలెన్ హేస్. ఆమెకి మూడోది ఎమ్మీ, అది మిచెల్ ఎమ్మీ అందుకున్న వేడుకలోనే వచ్చింది. కొన్ని వారాల తేడాతో ఆయన ఆమె సరసన చేరాడు.

సినిమాల్లో పేరొచ్చాక కూడా నాటకాన్ని ఆయన వదల్లేదు. 1947లో బ్రాడ్‌వేలో ‘యాన్ ఇన్‌స్పెక్టర్ కాల్స్’లో ఇన్‌స్పెక్టరుగా చేశాడు. ‘డెత్ ఆఫ్ ఎ సేల్స్‌మన్’లో విల్లీ లోమన్‌గా ఊళ్ళు తిరిగాడు.

అదే కాలంలో గ్రాంట్ మిచెల్ అనే నటుడు ఉన్నాడు. అన్నదమ్ములా?

కాదు. గ్రాంట్ ఒహాయో మనిషి. ‘మిస్టర్ స్మిత్’లో ఇద్దరూ ఉండటంతో ఈ అయోమయం. థామస్ బంధువుల్లో పేరున్నవాడు జేమ్స్ మిచెల్. అన్న కొడుకు. అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ ప్రభుత్వంలో కార్మిక మంత్రిగా పనిచేశాడు.

కొలంబోకి ఈయనకి ఏమిటి సంబంధం?

నలిగిన రెయిన్‌కోటు డిటెక్టివ్ కొలంబో అంటే అందరికీ పీటర్ ఫాక్ గుర్తొస్తాడు. ఫాక్ కంటే ముందు, 1962లో ‘ప్రిస్క్రిప్షన్: మర్డర్’ నాటకంలో స్టేజీ మీద కొలంబో థామస్ మిచెల్. హంతకుడిగా జోసెఫ్ కాటన్. మిచెల్ చేసిన చివరి పాత్రల్లో అదొకటి, క్యాన్సర్‌తో ఆ ఏడాది డిసెంబర్‌లోనే పోయాడు. ఫాక్ ఆ పాత్రలోకి వచ్చింది 1968లో.

ఇంకో సంగతి. మిచెల్ చివరి సినిమా 1961లో కాప్రా తీసిన ‘పాకెట్‌ఫుల్ ఆఫ్ మిరకిల్స్’. దాంట్లో పీటర్ ఫాక్ కూడా ఉన్నాడు. ఇద్దరు కొలంబోలు ఒకే సినిమాలో, ఇద్దరికీ ఆ సంగతి అప్పటికి తెలియదు. కాప్రాకీ అదే చివరి సినిమా అయింది.

మిచెల్ కంటే రెండు రోజుల ముందు, డిసెంబర్ 15న, ‘హంచ్‌బ్యాక్’లో క్వాసిమోడోగా చేసిన చార్లెస్ లాటన్ పోయాడు.

ఒకే ఒక్క సీను చూడమంటే ఏది చూడను?

‘ఓన్లీ ఏంజెల్స్ హావ్ వింగ్స్’లో కిడ్ డాబ్ చనిపోయే సీను. దక్షిణ అమెరికాలో కొండల మీదుగా ఉత్తరాలు మోసే చిన్న విమానాల కంపెనీ. కిడ్‌కి చూపు తగ్గిందని స్నేహితుడు జెఫ్, అంటే క్యారీ గ్రాంట్, స్వయంగా కళ్ళు పరీక్షించి విమానం ఎక్కొద్దన్నాడు. తరవాత మనుషులు చాలక, ఒకప్పుడు తన తమ్ముడి చావుకి కారణమైన పైలట్ పక్కనే కూర్చుని కిడ్ ఎగరాల్సొస్తుంది. కొండగద్దలు అద్దం పగలగొట్టుకుని లోపలికి వస్తాయి. తిరిగొచ్చేసరికి కిడ్ మెడ విరిగి ఉంటుంది.

బల్ల మీద పడుకోబెడతారు. మిచెల్ కదిలించగలిగింది కళ్ళు, పెదవులు మాత్రమే. ముందుగా చెప్పేది ఆ పైలట్ గురించి: ఈసారి అతను విమానం వదిలి దూకలేదని. తరవాత గదిలో ఎవరున్నారని అడిగి, అందర్నీ బయటికి పంపమంటాడు. చివరికి జెఫ్‌ని కూడా. మొదటిసారి ఒంటరిగా విమానం నడిపినప్పుడు ఎవరూ చూడకూడదనుకున్నాను, ఇదీ అలాంటిదే, సరిగా చెయ్యలేకపోతే నువ్వు చూడటం నాకిష్టం లేదు అంటాడు. గొంతు మామూలుగానే ఉంటుంది, రేపు పనికెళ్ళేవాడు మాట్లాడినట్టు.

జెఫ్ బయటికి వెళ్ళిపోతాడు. కిడ్ దగ్గర రెండు వైపులా బొమ్మే ఉన్న నాణెం ఒకటి ఉంటుంది. సినిమా ముగిసేసరికి అది ఎవరి చేతిలో ఉంటుందో చూడండి.